సర్కారు భూమి కింద చమురు: ఒక అమెరికా ఫైలు కథ

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు ముందు కొంత సందేహించాను. నేను చరిత్ర అధ్యాపకుణ్ణి కాను. ముప్పై ఆరేళ్ళు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన విద్య ఫైలు చదవడం ఒక్కటే. అయితే చరిత్ర కూడా ఒక పెద్ద ఫైలే కదా అనిపించి, ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2018 వేసవిలో మా అమ్మాయి, అల్లుడు పిలిస్తే నేనూ, మా ఆవిడా అమెరికా వెళ్ళాం. వాళ్ళు డెన్వర్ నగరంలో ఉంటారు. అక్కడినుంచి ఎల్లోస్టోన్ చూడడానికి కారులో బయలుదేరి, వయోమింగ్ రాష్ట్రంలో క్యాస్పర్ అనే ఊరు దాటాక, కనుచూపు మేరా ఎండుగడ్డి బీడు తప్ప మరేమీ లేని చోట అల్లుడు కారు ఆపాడు. "మామయ్యగారూ, మీలాంటివారు చూడవలసిన చోటు ఇది" అన్నాడు. చూస్తే ఒక పెద్ద ఇసుకరాతి గుట్ట. మా ఆవిడ "దీనికోసమా ఇంత దూరం తెచ్చావు నాయనా!" అంది. ఆ రాయి ఒకప్పుడు టీ కెటిల్‌లా కనిపించేదట. గాలివానలకు కొమ్మూ, పిడీ విరిగిపోయి ఇప్పుడు ఉత్త రాయి మిగిలింది. ఆ రాతి పేరుమీదనే అక్కడి చమురు భూమికి టీపాట్ డోమ్ అని పేరు వచ్చింది. ఆ పేరు వింటే ఒకనాడు అమెరికా ప్రభుత్వమే వణికింది. ఇంటికి వచ్చాక ఆ కథ తెలిసినంతవరకు చదివాను. చదివినకొద్దీ మన కచేరీ వాసనే తగిలింది.

పోరంబోకు లెక్క

అమెరికా అంటే అంతా ప్రైవేటు ఆస్తే అని మనలో చాలామంది అనుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి ఆ దేశపు భూమిలో నాలుగోవంతుకు పైగా, అంటే సుమారు 64 కోట్ల ఎకరాలు, ఈనాటికీ కేంద్ర ప్రభుత్వానిదే. తూర్పు రాష్ట్రాలలో ఇది తక్కువ. పడమటి రాష్ట్రాలలో ఎక్కువ. నెవాడా రాష్ట్రంలోనైతే నూటికి ఎనభై పాళ్ళు కేంద్రానిదే. అడవులు, జాతీయ ఉద్యానాలు, పశువుల మేత బీళ్ళు, ఎడారులు అన్నీ ఇందులో ఉన్నాయి. మన భాషలో చెప్పాలంటే అదంతా ఒక మహా పోరంబోకు.

ఇంకొక తేడా కూడా గుర్తుంచుకోవాలి. మన దేశంలో పట్టా భూమి కింద చమురు పడినా అది రైతుది కాదు, సర్కారుది. రైతుకు పై భూమికి నష్టపరిహారం మాత్రమే వస్తుంది. అమెరికాలో ప్రైవేటు భూమి కింది చమురు సాధారణంగా భూమి యజమానిదే, ఆ హక్కును విడిగా అమ్మేసి ఉంటే తప్ప. అందుచేత అక్కడ ప్రైవేటు భూమిలో బావి తవ్వితే అది యజమానికీ, కంపెనీకీ మధ్య బేరం. ప్రభుత్వ భూమిలో తవ్వితే మాత్రం అది దేశమంతటి బేరం. రాజకీయ వాదం పుట్టేది ఇక్కడే.

1872లో చేసిన గనుల చట్టం ప్రకారం ప్రభుత్వ భూమిలో ఖనిజం కనిపెట్టినవాడు గుర్తు కర్ర పాతి హక్కు చెప్పుకోవచ్చు. 1897లో చమురును కూడా ఆ పద్ధతి కిందకే తెచ్చారు. ఎకరానికి రెండున్నర డాలర్లు కడితే భూమి సొంతమయ్యేది. కాలిఫోర్నియాలో జనం ఎగబడ్డారు. అప్పుడు భూగర్భ పరిశోధన శాఖ అధిపతి జార్జ్ ఓటిస్ స్మిత్ ప్రభుత్వాన్ని హెచ్చరించాడు. ఈరోజు మనం దాదాపు ఊరకే ఇచ్చేస్తున్న చమురును రేపు మన నౌకాదళం కోసం మనమే కొనుక్కోవలసి వస్తుందన్నది ఆయన వాదన. యుద్ధనౌకలు బొగ్గు మాని చమురుకు మారుతున్న రోజులవి. 1909 సెప్టెంబరులో అధ్యక్షుడు టాఫ్ట్ కాలిఫోర్నియా, వయోమింగ్ రాష్ట్రాలలో సుమారు 30 లక్షల ఎకరాలను ఒక్క ఉత్తర్వుతో పక్కన పెట్టాడు. అలా పెట్టే అధికారం అధ్యక్షుడికి లేదని కంపెనీలు కోర్టుకు వెళ్ళాయి. 1915లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లుతుందని తేల్చింది. 1912లో కాలిఫోర్నియాలోని ఎల్క్ హిల్స్‌ను, 1915లో టీపాట్ డోమ్‌ను నౌకాదళం నిలవ భూములుగా ప్రకటించారు.

మిగతా ప్రభుత్వ భూముల విషయంలో 1920 ఫిబ్రవరిలో కొత్త చట్టం వచ్చింది. ఇకమీదట భూమి అమ్మరు, కౌలుకు మాత్రమే ఇస్తారు. తీసిన చమురులో ఎనిమిదో వంతుకు తగ్గకుండా ప్రభుత్వానికి రాయల్టీ కట్టాలి. మన పాత లెక్కలో రూపాయికి రెండణాలు. ఆ రెండణాల రేటు నూరేళ్ళకు పైగా కదలలేదు. 2022లో దానిని ఆరో వంతుకు, అంటే రూపాయికి రెండణాల ఎనిమిది పైలకు పెంచారు. 2025 జూలైలో మరో చట్టం చేసి మళ్ళీ రెండణాలకు దించారు. ఆ ఎనిమిది పైల దగ్గరే రెండు పార్టీల తగవు ఎంత పాతదో తెలుస్తుంది.

ఒక ఫైలు శాఖ మారింది

ఇక అసలు కథ. 1921లో వారెన్ హార్డింగ్ అధ్యక్షుడయ్యాడు. ఆయన మంత్రివర్గంలో ఆల్బర్ట్ ఫాల్ అనే న్యూమెక్సికో సెనేటరు ఇంటీరియర్ శాఖ మంత్రి. ప్రభుత్వ భూములు ఆ శాఖవే, నౌకాదళపు నిలవ భూములు మాత్రం కాదు. అదే ఏడాది మే నెలలో అధ్యక్షుడి ఉత్తర్వు ఒకటి వెలువడింది. నిలవ చమురు భూముల నిర్వహణను నౌకాదళ శాఖనుంచి ఇంటీరియర్ శాఖకు బదలాయించారు. కచేరీలో పనిచేసినవారికి నేను వివరించనక్కరలేదు. పెద్ద తప్పు జరగబోయే ముందు చాలాసార్లు జరిగేది ఒక చిన్న, అమాయకమైన సబ్జెక్టు మార్పు. ఫైలు ఒక సెక్షనునుంచి మరొక సెక్షనుకు పోతుంది. ఎవరికీ అనుమానం రాదు.

1922 ఏప్రిల్ 7న ఫాల్ టీపాట్ డోమ్ మొత్తాన్ని హ్యారీ సింక్లెయిర్ అనే చమురు వ్యాపారి కంపెనీకి కౌలుకు ఇచ్చాడు. టెండరు లేదు, వేలం లేదు, ప్రకటన లేదు. అదే ఏడాది ఎల్క్ హిల్స్ భూమి ఎడ్వర్డ్ డోహెనీ అనే మరొక వ్యాపారి కంపెనీకి పోయింది. రహస్యం ఎందుకయ్యా అంటే దేశరక్షణ వ్యవహారమన్నారు. ఏప్రిల్ 14న వాల్ స్ట్రీట్ జర్నల్ ఈ సంగతి బయటపెట్టింది. మర్నాడే వయోమింగ్ సెనేటరు కెండ్రిక్ వివరణ కోరుతూ తీర్మానం పెట్టాడు.

ఫాల్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. పక్క భూముల్లో కంపెనీలు బావులు తవ్వితే నేలకింది చమురు అటు జారిపోతుంది, అది పోకముందే మనమే తీయించుకోవాలి అన్నాడు. ఎల్క్ హిల్స్ విషయంలో ఆ భయం ఉత్తదేమీ కాదు. వాదంలో పస ఉంది. పస ఉన్న వాదాన్ని వెలుగులో చెప్పకుండా తలుపులు ఎందుకు మూసుకున్నాడన్నదే ప్రశ్న.

విచారణ బాధ్యత మోంటానా సెనేటరు థామస్ వాల్ష్ మీద పడింది. శాఖ వేలకొద్దీ కాగితాలు కమిటీకి పంపింది. ఆయన ఓపికగా నెలల తరబడి చదివాడు. 1923 అక్టోబరులో బహిరంగ విచారణ మొదలైంది. అంతకు ముందే, ఆగస్టులో, అధ్యక్షుడు హార్డింగ్ మరణించాడు. ఫాల్ మార్చిలోనే రాజీనామా చేసి ఇంటికి వెళ్ళిపోయాడు. మొదట్లో ఏమీ తేలలేదు. పత్రికలకు కూడా విసుగొచ్చింది. చివరికి పట్టించింది ఏమిటంటే ఫాల్ పశువుల పొలం. ఎన్నో ఏళ్ళుగా పన్ను బకాయిలు పడ్డ మనిషి ఒక్కసారిగా బకాయిలు తీర్చాడు, పక్క భూమి కొన్నాడు, మంచి జాతి పశువులు దింపాడు. డబ్బు ఎక్కడిదని అడిగితే ఒక పత్రికాధిపతి లక్ష డాలర్లు అప్పిచ్చాడని చెప్పాడు. వాల్ష్ స్వయంగా ఫ్లోరిడా వెళ్ళి అడిగితే ఆ పత్రికాధిపతి ఇవ్వలేదని ఒప్పుకున్నాడు.

1924 జనవరి 24న డోహెనీ కమిటీ ముందుకు వచ్చి, ఆ లక్ష డాలర్లు ఇచ్చింది తానేనని చెప్పాడు. తన కొడుకు చేత ఒక చిన్న నల్లసంచీలో నోట్ల కట్టలుగా పంపాడట. పాత స్నేహితుడికి చేబదులు అన్నాడు. ప్రామిసరీ నోటు ఏదని అడిగితే సంతకం చింపేసిన కాగితం చూపించాడు! సింక్లెయిర్‌వైపునుంచి కూడా రెండు లక్షల డాలర్లకు పైగా విలువచేసే ప్రభుత్వ బాండ్లు ఫాల్‌కు చేరినట్టు తరువాత తేలింది.

1927లో సుప్రీంకోర్టు రెండు కౌళ్ళనూ రద్దుచేసింది. భూములు మళ్ళీ నౌకాదళానికి వచ్చాయి. 1929లో ఫాల్‌కు ఏడాది జైలుశిక్ష, లక్ష డాలర్ల జరిమానా పడ్డాయి. పదవిలో ఉండగా చేసిన నేరానికి జైలుకు వెళ్ళిన మొదటి అమెరికా కేబినెట్ మంత్రి ఆయనే. విచిత్రమేమంటే, ఏ లంచం పుచ్చుకున్నందుకు ఫాల్‌కు శిక్ష పడిందో, ఆ లంచం ఇచ్చిన నేరం మీద విచారించి 1930లో డోహెనీని నిర్దోషిగా వదిలేశారు. సింక్లెయిర్ మాత్రం సెనేటు ప్రశ్నలకు జవాబు చెప్పనందుకూ, జ్యూరీ సభ్యుల వెనుక మనుషులను తిప్పినందుకూ కొన్ని నెలలు జైలులో ఉన్నాడు. ఈ గొడవ మూలంగా జరిగిన మేలు ఒకటుంది. చట్టసభ కమిటీకి సాక్షులను పిలిపించి నిజం చెప్పించే అధికారం ఉందని ఆ రోజుల్లోనే సుప్రీంకోర్టు స్పష్టంగా తీర్పు చెప్పింది.

చింతచెట్ల ఫలసాయం

ఈ కథ చదువుతున్నప్పుడు నాకు నా సంగతి ఒకటి గుర్తుకు వచ్చి మనసు ముడుచుకుపోయింది. ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకుంటే ఎవరికీ నష్టం లేదు.

1980 దశకం మొదట్లో నేనొక తాలూకా కచేరీలో పనిచేస్తున్నాను. ఒక ఊరి పోరంబోకులో ఉన్న చింతచెట్ల ఫలసాయాన్ని ఏటా వేలం వేసేవాళ్ళం. ఆ ఏడు పైవారు నన్ను పిలిచి, "వేలానికి వ్యవధి లేదని నోటు పెట్టండి, నిరుటి పాటదారుకే నిరుటి రేటుకు ఇద్దాం" అన్నారు. వ్యవధి పుష్కలంగా ఉంది. అది నాకూ తెలుసు, ఆయనకూ తెలుసు. నేను నోటు రాశాను. మూడు వాక్యాలు, చక్కని దస్తూరి. నాకు ఒక్క పైసా ముట్టలేదు, ముడుతుందని ఆశపడనూ లేదు. బదిలీ భయం, పిల్లల చదువులు, అంతే.

పదిరోజుల తరువాత ఆ ఊరినుంచి ఒక ముసలాయన వచ్చి, ధరావతు డబ్బు పంచెకొంగులో కట్టుకుని, "వేలం ఎప్పుడు బాబూ?" అని అడిగాడు. "అయిపోయింది పెద్దాయనా" అన్నాను. జరగని వేలాన్ని అయిపోయిందన్నాను. ఆయన నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. మొత్తం చూస్తే అది కొన్ని వందల రూపాయల వ్యవహారం. కాని ఫాల్ సంగతి చదివినప్పుడు నాకు లక్ష డాలర్ల సంచీ కనిపించలేదు. ఆ పంచెకొంగు ముడి కనిపించింది. వాషింగ్టన్‌లో కూడా ఎవరో ఒక గుమాస్తా ఆ కౌలు కాగితాలు టైపు చేసే ఉంటాడు కదా.

అలాస్కా వాదం

తరువాతి కాలంలో వాదం రూపు మారింది. మొదట తగవు సర్కారు చమురు ఎవరి చేతికి పోవాలన్నది. తరువాతి తగవు అసలు తవ్వవచ్చా అన్నది. 1969 జనవరి 28న కాలిఫోర్నియాలో శాంటా బార్బరా తీరాన, కేంద్రం కౌలుకిచ్చిన సముద్ర జలాల్లో బావి పొంగి, తీరమంతా నల్లబడింది. చమురు అంటిన పక్షులను జనం టెలివిజన్‌లో చూశారు. ఏడాది తిరగకుండా, 1970 జనవరి 1న, జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టాడు. అప్పటినుంచి ప్రభుత్వం పెద్ద పని ఏది తలపెట్టినా, దానివల్ల కలిగే ఫలితాలను ముందుగా కాగితం మీద పెట్టి ప్రజల అభిప్రాయం వినవలసి వచ్చింది.

అన్నిటికంటె పెద్ద పోరాటం అలాస్కాలో జరిగింది. 1968లో ఉత్తర తీరాన ప్రూడో బే వద్ద మహా చమురు నిక్షేపం దొరికింది. అది రాష్ట్ర ప్రభుత్వ భూమి. 1973లో 800 మైళ్ళ పైపులైను విషయం సెనేటులో చర్చకు వచ్చినప్పుడు, ఇక కోర్టు దావాలకు తావులేకుండా చేసే కీలక సవరణ మీద ఓట్లు 49, 49గా సరిసమానమై, ఉపాధ్యక్షుడు ఆగ్న్యూ ఓటుతో గట్టెక్కింది. 1977లో చమురు పారింది.

దానికి తూర్పున ఆర్కిటిక్ వన్యప్రాణి ఆశ్రయ భూమి ఉంది. 1960లో ఏర్పరచిన దీనిని 1980లో అధ్యక్షుడు కార్టర్ కాలపు చట్టం సుమారు 1 కోటి 90 లక్షల ఎకరాలకు పెంచింది. అందులో సముద్రాన్ని ఆనుకున్న 15 లక్షల ఎకరాల మైదానం మాట మాత్రం తేల్చకుండా, తవ్వాలా వద్దా అన్నది కాంగ్రెసుకే వదిలేసింది. మన భాషలో "తరువాత ఉత్తర్వులకు లోబడి" అన్నమాట. ఆ నాలుగు మాటలు నలభై ఏళ్ళ తగవుకు విత్తనం వేశాయి.

1989 మార్చిలో అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డీజ్ ఓడ బద్దలై కోటి గ్యాలన్లకు పైగా చమురు సముద్రం పాలైంది. తవ్వకం పక్షం వెనకడుగు వేసింది. 1995లో కాంగ్రెసు బడ్జెట్ బిల్లులో అనుమతి పెడితే అధ్యక్షుడు క్లింటన్ వీటో చేశాడు. 2005 డిసెంబరులో రక్షణ శాఖ బిల్లులో పెట్టి చూస్తే సెనేటు ఆపింది. చివరకు 2017 డిసెంబరులో పన్నుల బిల్లులో చేర్చి నెగ్గించుకున్నారు.

ఇరుపక్షాల మాటా వినదగినదే. అక్కడ 770 కోట్ల పీపాల చమురు ఉండవచ్చని 1998లో ప్రభుత్వ భూగర్భ శాఖ సగటు అంచనా వేసింది. ఉద్యోగాలు వస్తాయి, పరదేశాల మీద ఆధారపడడం తగ్గుతుంది అని ఒక పక్షం. ఆ మైదానం కారిబూ జింకల మందలు ఈనే చోటు, ఒకసారి చెడితే మళ్ళీ రాదు, చమురు కాల్చడం తగ్గించవలసిన కాలంలో కొత్త బావులెందుకు అని రెండో పక్షం. స్థానికులలో కూడా ఒకే మాట లేదు. ఆ జింకల మీద బతికే గ్విచిన్ జాతివారు వద్దంటారు. ఆ మైదానంలోనే ఉన్న కాక్టోవిక్ గ్రామపు ఇనుపియాట్ జాతివారిలో చాలామంది కావాలంటారు. వాళ్ళకు బడి, నీళ్ళు, ఆసుపత్రి వచ్చింది చమురు పన్నులతోనే. దూరాన కూర్చుని ఎవరిది తప్పని చెప్పడం తేలిక కాదు.

ఇంత పోరాటం తరువాత 2021 జనవరి 6న మొదటి వేలం జరిగితే పెద్ద కంపెనీ ఒక్కటీ రాలేదు. పాటల మొత్తం 1 కోటి 44 లక్షల డాలర్లు. అందులో చాలా భాగం అలాస్కా రాష్ట్ర సంస్థే పాడింది. అధ్యక్షుడు బైడెన్ ప్రభుత్వం ఆ కౌళ్ళను ముందు నిలిపివేసి, 2023లో రాష్ట్ర సంస్థవి రద్దుచేసింది. 2025 మార్చిలో కోర్టు ఆ రద్దు చెల్లదంది. 2025 జనవరిలో పెట్టిన రెండో వేలానికి పాటదారుడే లేడు. ఆ ఏడు జూలైలో వచ్చిన చట్టం పదేళ్ళలో మరో నాలుగు వేలాలు జరపాలంది. పార్టీ మారితే ఉత్తర్వు మారుతోంది, అంతే.

వాటా ఎవరిది?

పెన్షనర్లకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటి చెబుతాను. 1976లో అలాస్కా ప్రజలు ఓటు వేసి ఒక శాశ్వత నిధి పెట్టుకున్నారు. రాష్ట్రానికి వచ్చే ఖనిజ రాయల్టీలో కనీసం నాలుగోవంతు అందులో వేయాలి. అసలు ముట్టుకోరాదు, రాబడి మాత్రమే వాడుకోవాలి. 1982నుంచి రాష్ట్రంలో నివసించే ప్రతి మనిషికీ, చంటిపిల్లలతో సహా, ఏటా డివిడెండు ఇస్తున్నారు. మొదటి ఏడు వెయ్యి డాలర్లు, 2022లో 3,284, 2025లో మళ్ళీ వెయ్యి. నిధి సుమారు 8,000 కోట్ల డాలర్లకు పెరిగింది. నేలకింద ఉన్నది మా అందరిదీ అన్న మాటను అక్కడ చెక్కు రూపంలో చూపించారు. దీనివల్ల రాష్ట్ర బడ్జెట్‌కు ఏటా తగవు తప్పడం లేదు, అది వేరే సంగతి.

మనకూ కృష్ణా గోదావరి బేసిన్ ఉంది. 1995 జనవరి 8న కోనసీమలో పాశర్లపూడి బావి పొంగి అంటుకున్నప్పుడు నన్ను సహాయ శిబిరం పనికి వేశారు. రాత్రిపూట ఆకాశం ఎర్రగా, చప్పుడు మైళ్ళ దూరం. అమెరికానుంచి కూడా నిపుణులు వచ్చారు. మంట ఆరేసరికి మార్చి నెల మధ్యకు వచ్చింది. శిబిరం రిజిస్టరులో పేర్లు రాసుకుంటుంటే ఒక ఇల్లాలు, "మా కొబ్బరి చెట్ల కింద ఇది ఉందని మాకెవరూ చెప్పలేదండీ" అంది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారని చదివినప్పుడు ఆ ఇల్లాలి మాటే గుర్తుకు వచ్చింది. తవ్వాలా వద్దా అన్నది పెద్దల వాదం. మా నేలలో ఏం జరుగుతోందో మాకు ముందు చెప్పండి అన్నది ఆమె వాదం. అది రాయల్టీ కంటె ముందు లెక్కకు రావలసిన వాటా.

టీపాట్ డోమ్ భూమిని అమెరికా ప్రభుత్వం 2015లో 4 కోట్ల 52 లక్షల డాలర్లకు బహిరంగంగానే అమ్మేసింది. ఎల్క్ హిల్స్ అంతకు ముందే, 1998లో, 365 కోట్ల డాలర్లకు పోయింది. ఆ రెంటిమీదా ఎవరూ జైలుకు వెళ్ళలేదు. అమ్మడం మంచిదా కాదా అని వాదించుకోవచ్చు. కాని అందరికీ తెలిసి జరిగింది. నాకు తెలిసినంతలో తేడా అంతా అక్కడే ఉంది.

కచేరీలో ఏడాది తరువాత తగలేసే కాగితాలకు ఎల్.డిస్. అని, శాశ్వతంగా ఉంచవలసిన వాటికి ఆర్.డిస్. అని వేసేవాళ్ళం. టీపాట్ డోమ్ ఫైలు ఆర్.డిస్. నా చింతచెట్ల ఫైలు ఏనాడో తగలబడి ఉంటుంది. అందుకే దానిని ఈ సంచికలో రాసిపెట్టాను. ఇంకా ఉద్యోగంలో ఉన్న మన పిల్లలు ఎవరైనా ఇది చదివితే, వేలం ఎప్పుడని అడగడానికి వచ్చిన మనిషికి నిజం చెప్పండి నాయనా అని నా మనవి.